ఇంట్లో చేసిన లాగర్‌ను సీసాల్లో నింపి గ్యాస్ పట్టించడం ఎలా?

లాగర్ (చల్లగా పులియబెట్టి, చల్లగా నిలవ ఉంచే బీరు) చేసేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగేవి రెండే ప్రశ్నలు. "ఆరు వారాలు ఫ్రిజ్‌లో ఉంచి, గ్యాస్ కోసం లెక్కగట్టే యాప్ చెప్పినంత పంచదార వేసి మూతలు బిగించాను. నెలైనా చప్పగానే ఉంది, ఎందుకు?" ఇది మొదటిది. "మూత తీస్తే సగం సీసా నేలపాలవుతోంది, ఏం చేయను?" ఇది రెండోది. చాలావరకు ఈ రెండు తప్పులూ మూత బిగించకముందే, పంచదార లెక్క దగ్గరే జరిగిపోతాయి. అందుకే ఇక్కడ లెక్కకు ఎక్కువ చోటిచ్చాం.

ఇంట్లో బీరు చేసుకోవడానికి చట్టం ఒప్పుకునే చోట ఉన్నవారికే ఇది. అమెరికాలో ఫెడరల్ చట్టం 1979 నుంచి ఒప్పుకుంటోంది. పెద్దవాళ్లు ఒక్కరే ఉండే ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది ఉంటే 200 గ్యాలన్లు చేసుకోవచ్చు, అమ్మకూడదు. రాష్ట్రాన్ని బట్టి నిబంధనలు కొంత మారతాయి, మీ రాష్ట్రానివి చూసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు తయారుచేయడం నేరం. సెలవులకు ఊరెళ్లినప్పుడు బావగారికి చేసి చూపిద్దామన్న ఆలోచన పెట్టుకోకండి.

కొలతలన్నీ 5 గ్యాలన్ల బ్యాచ్‌కు, అంటే సుమారు 19 లీటర్లకు. ఉష్ణోగ్రతలు సెల్సియస్‌లో.

కావలసినవి

- 12 ఔన్సుల (355 మి.లీ.) గోధుమరంగు సీసాలు 52. అడుగున మడ్డి వదిలేస్తాం కాబట్టి 48 నుంచి 50 నిండుతాయి. ఓపెనర్‌తో తీసే రకమే కావాలి. చేత్తో తిప్పి తీసే సీసాల మూతికి మన క్యాపర్ (మూత నొక్కి బిగించే పరికరం) వేసే మూత సరిగా పట్టదు. ఇండియన్ రెస్టారెంట్లలో దొరికే 22 ఔన్సుల (650 మి.లీ.) పెద్ద సీసాలూ బాగుంటాయి.
- 26 మి.మీ. క్రౌన్ మూతలు 60, క్యాపర్ ఒకటి. షాంపేన్ సీసాల్లోనూ, కొన్ని యూరప్ సీసాల్లోనూ మూతి 29 మి.మీ. ఉంటుంది, వాటికి ఈ మూతలు పట్టవు.
- కుళాయి ఉన్న బాట్లింగ్ బకెట్, ఆటో సైఫన్ (బీరును ఒక పాత్ర నుంచి ఇంకోదానిలోకి దించే గొట్టం పంపు), ట్యూబు, కొసన స్ప్రింగు ఉన్న బాట్లింగ్ వాండ్ (సీసా అడుగుకు నొక్కితేనే బీరు వదిలే గొట్టం).
- గ్రాము వరకు చూపించే వంటింటి త్రాసు.
- హైడ్రోమీటర్, థర్మామీటర్.
- స్టార్ సాన్ లాంటి కడగనక్కర్లేని శానిటైజర్. 19 లీటర్ల నీళ్లకు 30 మి.లీ. చాలు.
- మామూలు పంచదార, లేదా కార్న్ షుగర్.
- అర లీటరు ప్లాస్టిక్ సోడా సీసా ఒకటి, స్క్రూ మూతతో. దీని పని తర్వాత తెలుస్తుంది.
- చల్లగా ఆరు వారాలు దాటిన బీరైతే, పొడి ఈస్ట్ (చక్కెరను తిని బీరును పులియబెట్టే సూక్ష్మజీవి) 2 గ్రాములు.

ముందు ఇది తేల్చుకోండి: పులియడం ఆగిందా?

తాటికల్లును సీసాలో పోసి బిరడా గట్టిగా బిగిస్తే ఏమవుతుందో మన ఊళ్లలో చాలామందికి తెలుసు. బీరు సంగతీ అంతే, కాకపోతే ఇక్కడ గాజు మందం, మూత గట్టి. కాబట్టి పేలితే గాజు పెంకులే ఎగురుతాయి.

ఎయిర్‌లాక్‌లో (గ్యాస్‌ను బయటికి వదిలే మూతలో) బుడగలు ఆగాయి కదా అని నమ్మకండి. హైడ్రోమీటర్‌తో గ్రావిటీ (నీళ్లతో పోలిస్తే బీరు సాంద్రత, చక్కెర పులిసేకొద్దీ తగ్గుతుంది) చూడండి, మూడు రోజుల తర్వాత మళ్లీ చూడండి. రెండుసార్లూ ఒకే అంకె రావాలి. 1.048 దగ్గర మొదలైన మామూలు లాగర్ 1.008–1.012 మధ్య ఆగుతుంది. ఈ పరీక్ష చల్లగా నిలవబెట్టే ముందే, బీరు ఇంకా 16–18 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడే చేయాలి. ఫ్రిజ్ చలికి ఈస్ట్ నిద్రపోయి ఉంటుంది కాబట్టి అక్కడ అంకె కదలకపోవడం ఏమీ చెప్పదు.

శాంపిల్‌ను రెండు గ్లాసుల మధ్య పదిసార్లు ఒంపి గ్యాస్ పోగొట్టాకే కొలవండి. బుడగలు అంటుకుంటే హైడ్రోమీటర్ పైకి తేలి తప్పు అంకె చూపిస్తుంది. రిఫ్రాక్టోమీటర్ (కాంతి వంపును బట్టి చక్కెర కొలిచేది) వాడేవాళ్లు ఆల్కహాల్‌కు తగిన సవరణ వేసుకోవాలి, లేదంటే పులియడం మధ్యలోనే ఆగిందని అనవసరంగా బెంగపడతారు.

ఇంత పట్టింపు ఎందుకంటే, పులియకుండా మిగిలిన ఒక్కొక్క పాయింటు (0.001) సీసాలో దాదాపు అర వాల్యూమ్ గ్యాస్ తెస్తుంది. 1.010 దగ్గర ఆగాల్సిన బీరును 1.014లో సీసాకు ఎత్తితే, మీరు వేసిన పంచదారకు తోడు ఇంకో రెండు వాల్యూములు వచ్చి చేరతాయి. మామూలు బీరు సీసా అంత ఒత్తిడికి చేసింది కాదు.

వెన్న వాసన కూడా ఇప్పుడే చూసుకోండి. రెండు చిన్న గ్లాసుల్లో బీరు పోసి మూతపెట్టి, ఒకదాన్ని 60 డిగ్రీల వేడి నీళ్లలో అరగంట ఉంచి చల్లార్చండి. రెండూ వాసన చూడండి. వేడిచేసిన దాంట్లో బటర్ పాప్‌కార్న్ వాసన వస్తే డయాసిటిల్ (ఆ వెన్న వాసన తెచ్చే పదార్థం) ఇంకా తయారవుతుందన్నమాట. మరో మూడు నాలుగు రోజులు 18 డిగ్రీల దగ్గరే వదిలేయండి.

పంచదార లెక్క

గ్యాస్‌ను వాల్యూములలో కొలుస్తారు. లీటరు బీరులో రెండున్నర లీటర్ల కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటే అది 2.5 వాల్యూములు. లాగర్‌కు 2.4 నుంచి 2.6 బాగుంటుంది. మనం 2.5 పెట్టుకుందాం.

పులిసిన బీరులో ఎలాగూ కొంత గ్యాస్ ఉంటుంది. మిగతాదే పంచదారతో తేవాలి, సీసాలో ఈస్ట్ దాన్ని తిని గ్యాస్ చేస్తుంది. ఎంత ఉందో చెప్పేది ఉష్ణోగ్రత. చల్లటి బీరు ఎక్కువ గ్యాస్ పట్టుకుంటుంది, వెచ్చటిది వదిలేస్తుంది.

లాగర్‌లో అందరూ పడేది సరిగ్గా ఇక్కడే. యాప్ "బీరు ఉష్ణోగ్రత ఎంత?" అని అడుగుతుంది. మీరు ఫ్రిజ్ వైపు చూసి 1 డిగ్రీ అని కొడతారు. 1 డిగ్రీ దగ్గర బీరు 1.65 వాల్యూములు పట్టుకోగలదు కాబట్టి, మీ బీరులో అంత ఉందనుకుని యాప్ 62 గ్రాములు చాలంటుంది. కానీ ఆ బీరు అంతకుముందు 18 డిగ్రీల దగ్గర డయాసిటిల్ రెస్ట్‌లో (వెన్న వాసన పోయేదాకా వెచ్చగా ఉంచడం) ఉండి, గ్యాస్ వదిలేసి, 0.92కు దిగిపోయింది. తర్వాత ఫ్రిజ్‌లో పెట్టినంత మాత్రాన పోయిన గ్యాస్ తిరిగి రాదు, కొత్తగా గ్యాస్ ఇవ్వడానికి పులియడం అప్పటికే అయిపోయింది. మీకు కావలసింది 115 గ్రాములు. దాదాపు సగమే వేశారు, అందుకే చప్పగా ఉంది.

కాబట్టి ఇవాళ్టి ఉష్ణోగ్రత కాదు, పులియడం ముగిసే సమయానికి గానీ ఆ తర్వాత గానీ బీరు చేరిన గరిష్ఠ ఉష్ణోగ్రతను లెక్కలో వేయండి. 2.5 వాల్యూములకు లీటరుకు కావలసిన పంచదార ఇది:

- 10 డిగ్రీలు: 5.0 గ్రాములు
- 12 డిగ్రీలు: 5.3 గ్రాములు
- 15 డిగ్రీలు: 5.7 గ్రాములు
- 18 డిగ్రీలు: 6.0 గ్రాములు
- 20 డిగ్రీలు: 6.3 గ్రాములు

డయాసిటిల్ రెస్ట్ చేసినవాళ్లకు లీటరుకు 6 గ్రాములని గుర్తుంటే చాలు. కార్న్ షుగర్‌లో కొంత తేమ ఉంటుంది కాబట్టి లీటరుకు 7 గ్రాములు వేయండి. ఫెర్మెంటర్‌లో (బీరు పులిసిన పాత్రలో) 19 లీటర్లు ఉన్నా బకెట్‌లోకి 17 లేదా 18 మాత్రమే దిగితే, దిగినదానికే లెక్క. బకెట్ మీద లీటరు గీతలు ముందే గీసి పెట్టుకోండి.

చెంచాలతో, కప్పులతో కొలవకండి. బెల్లం వేయొచ్చా అని మనవాళ్లు తప్పకుండా అడుగుతారు. వద్దు, దాంట్లో తేమ దిమ్మ దిమ్మకూ మారుతుంది, లెక్క నిలవదు. పటికబెల్లం మాత్రం ముక్కలు కట్టిన పంచదారే. ఇంట్లో అదే ఉంటే పొడికొట్టి, తూచి వాడుకోవచ్చు.

చేసే విధానం

1. ముందురోజు సీసాలు కడగండి. వాడి పడేసిన సీసాలైతే సువాసన లేని ఆక్సీక్లీన్ కలిపిన వేడినీళ్లలో రాత్రంతా నాననిస్తే లేబుళ్లు వాటంతట అవే ఊడతాయి. బాగా కడిగి ఒక్కో సీసాను దీపానికి ఎదురుగా పెట్టి చూడండి. అడుగున పలచటి పొర గానీ, చుక్క గానీ కనిపిస్తే బ్రష్ వేయండి. శానిటైజర్ మురికి మీద పనిచేయదు. మూతి దగ్గర పెచ్చు లేచిన సీసాలు, గీతలు పడ్డ సీసాలు చెత్తబుట్టలోకే.

2. ఫెర్మెంటర్‌ను ఫ్రిజ్ నుంచి తీసి గట్టు మీద పెట్టి కొన్ని గంటలు కదపకండి. మోసేటప్పుడు లేచిన మడ్డి మళ్లీ కూర్చుంటుంది. బీరు చల్లగానే ఉన్నా నష్టం లేదు, నురుగు తక్కువ వస్తుంది.

3. పంచదారను రెండు కప్పుల నీళ్లలో వేసి 5 నిమిషాలు మరిగించండి. మూతపెట్టి గోరువెచ్చగా చల్లారనివ్వండి.

4. బకెట్, కుళాయి, సైఫన్, ట్యూబు, వాండ్, సీసాలు, మూతలు అన్నీ శానిటైజర్‌తో తడపండి. కనీసం ఒక నిమిషం తడిగా ఉండాలి. మిగిలిన నురుగును చూసి కంగారుపడి నీళ్లతో కడిగేయకండి, అది బీరుకు ఏమీ చేయదు. ఆక్సిజన్ పీల్చే రకం మూతలైతే నానబెట్టవద్దు, బిగించే ముందు ముంచి తీయండి. కుళాయిని విప్పి లోపల కూడా శుభ్రం చేయండి. ఎన్నిసార్లు బకెట్ కడిగినా ఒకే రకం పులుపు మళ్లీ మళ్లీ వస్తుంటే దొంగ అక్కడే ఉంటాడు.

5. చల్లారిన పాకం ముందు బకెట్‌లో పోయండి. ట్యూబు కొసను బకెట్ అడుగున వంపుగా పడుకోబెట్టి బీరు దించండి. బీరు గుండ్రంగా తిరుగుతూ పాకాన్ని కలుపుకుంటుంది. పైనుంచి ధారగా పడనివ్వకండి. ఈ దశలో గాలి తగిలితే నెల తిరిగేసరికి తడిసిన అట్టపెట్టె రుచి వస్తుంది, లేత లాగర్‌లో దాన్ని ఏదీ దాచలేదు. నోటితో పీల్చి సైఫన్ మొదలుపెట్టకండి. మడ్డి దగ్గరకు రాగానే ఆపేయండి, చివరి అర లీటరుకు ఆశపడొద్దు.

6. చల్లటి నిలవ ఆరు వారాలు దాటితే ఈస్ట్ చాలావరకు అడుగుకు చేరి ఉంటుంది. కాచి చల్లార్చిన 25–30 డిగ్రీల నీళ్లు పావు కప్పు తీసుకుని, 2 గ్రాముల పొడి ఈస్ట్ చల్లి, 15 నిమిషాలు ఆగి బకెట్‌లో కలపండి. ఇందుకోసమే అమ్మే లాల్‌బ్రూ సీబీసీ-1 బాగా పనికొస్తుంది. మీరు మొదట వాడిన ఈస్టే అయినా సరే. సైసన్ (బెల్జియం తరహా బీరు) ఈస్ట్ మాత్రం వేయకండి. వాటిలో చాలా రకాలు లాగర్ ఈస్ట్ వదిలేసిన చక్కెరలను కూడా తినేసి సీసాలను బాంబులు చేస్తాయి. నాలుగు వారాల లోపైతే ఈ అడుగే అక్కర్లేదు. మధ్యలో ఉన్నవాళ్లు వేసుకుంటేనే నిశ్చింత.

7. శానిటైజ్ చేసిన పొడవాటి గరిటెతో అడుగు నుంచి మెల్లగా నాలుగైదుసార్లు తిప్పండి. ప్రతి పన్నెండు సీసాలకూ మరొక్కసారి తిప్పండి. కొన్ని సీసాలు పొంగి కొన్ని చప్పగా ఉండటానికి సాధారణంగా ఇది మరవడమే కారణం.

8. బకెట్‌ను గట్టు మీద పెట్టి, కింద డిష్‌వాషర్ తలుపు తెరిచి దానిమీద సీసాలు పేర్చండి. మన ఇళ్లలో డిష్‌వాషర్ ఎలాగూ గిన్నెలు ఆరబెట్టే స్టాండే, ఇవాళ ఒలికిన బీరు పట్టే పని చేస్తుంది. వాండ్ కొసను సీసా అడుగుకు ఆనించి నొక్కితే బీరు కిందనుంచి నిశ్శబ్దంగా ఎక్కుతుంది. పలచటి నురుగు మెడ దాటి అంచుకు రాగానే వాండ్ ఎత్తండి. వాండ్ ఆక్రమించిన చోటు ఖాళీ అయి, మట్టం తనంతట తానే అంచుకు అంగుళం కిందికి దిగుతుంది. ఆ అంగుళమే కావలసిన ఖాళీ.

9. నురుగు ఇంకా మెడలో ఉండగానే మూత బోర్లించి, క్యాపర్‌ను రెండు చేతులతో సమానంగా, పూర్తిగా కిందికి నొక్కండి. మూత మధ్యలో చిన్న గుంట పడితే మామూలే. తర్వాత మూతను వేళ్లతో తిప్పి చూడండి, తిరగకూడదు. సీసాను తలకిందులు చేస్తే చుక్క కూడా రాకూడదు. తిరిగితే తీసేసి కొత్త మూత వేయండి.

10. చివరగా ప్లాస్టిక్ సీసాను నింపండి. పక్కలు నొక్కి గాలి బయటికి పంపి, నొక్కి ఉంచే మూత బిగించండి. తేదీ రాయండి.

11. అన్నిటినీ చీకట్లో, 18–21 డిగ్రీల దగ్గర, మూడు వారాలు ఉంచండి. లాగర్ కదా అని ఇప్పుడు ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లు చాలామంది. చలి మొదటి నుంచీ దీని ధర్మమే గానీ ఈ మూడు వారాలు కాదు. గ్యాస్ చేసేది ఈస్ట్, దానికి వెచ్చదనం కావాలి. న్యూజెర్సీ బేస్‌మెంట్ శీతాకాలంలో 14 డిగ్రీలకు దిగితే ఐదారు వారాలు పట్టొచ్చు, సీసాలను ఇంటి లోపలి అల్మారాలోకి మార్చండి. టెక్సాస్‌లో వేసవి గరాజ్ దీనికి పూర్తిగా వ్యతిరేకం, అక్కడ అసలు పెట్టకండి. ఎక్కడ పెట్టినా మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలోనో పాత ఐస్ చెస్ట్‌లోనో పెట్టండి. ఈ వేడిలో 2.5 వాల్యూముల బీరు సీసా లోపల ఒత్తిడి దాదాపు 28 పీఎస్ఐ, కారు టైరులో గాలికి కాస్త తక్కువ. ఒకటి పగిలినా పెంకులు డబ్బాలోనే ఉండాలి.

12. గ్యాస్ పట్టిందని తేలాక ఫ్రిజ్‌లోకి మార్చి కనీసం వారం, వీలైతే మూడు వారాలు ఆగండి. ఈస్ట్ అడుగున గట్టిపడుతుంది, గ్యాస్ బీరులో సరిగా కరుగుతుంది.

బకెట్ లేకపోతే, కెగ్ ఉంటే

బకెట్ లేనివాళ్లు సీసా సీసాకూ విడిగా వేసుకోవచ్చు. 115 గ్రాముల పంచదారను నీళ్లలో మరిగించి, చల్లారాక మొత్తం 270 మి.లీ. వచ్చేలా కాచిన నీళ్లు కలపండి. మందుల సిరంజితో 355 మి.లీ. సీసాకు 5 మి.లీ., 650 మి.లీ. సీసాకు 9 మి.లీ. వేసి బీరు నింపండి. పని ఎక్కువే గానీ అన్ని సీసాలూ సమానంగా వస్తాయి. కార్బొనేషన్ డ్రాప్స్ (సీసాలో వేసే చక్కెర బిళ్లలు) సులభం, కానీ సైజు మార్చలేం కాబట్టి గ్యాస్ ఎంత కావాలో మీ చేతిలో ఉండదు.

కెగ్ (ఒత్తిడి తట్టుకునే స్టీలు పీపా) ఉన్నవాళ్లు 3 డిగ్రీల దగ్గర సిలిండర్ గ్యాస్ ఒత్తిడి 11–12 పీఎస్ఐ పెట్టి పది రోజులు వదిలేస్తే అదే 2.5 వస్తుంది, మడ్డి ఉండదు. దాన్నుంచి సీసాల్లో నింపేటప్పుడు సీసాలు కూడా ఫ్రిజ్‌లో చల్లబడి ఉండాలి, లేకపోతే సగం గ్యాస్ నురుగైపోతుంది.

గ్యాస్ పట్టిందో లేదో చూడటం

ఆ ప్లాస్టిక్ సీసాను రెండు మూడు రోజులకోసారి నొక్కండి. మొదట నొక్కులు నొక్కులుగా ఉన్నది నాలుగైదు రోజుల్లో నిండుతుంది, రెండో వారానికి బొటనవేలు దిగదు. కొట్లో కొన్న, తెరవని సోడా సీసా అంత గట్టిగా ఉంటే గ్యాస్ తయారైనట్టే. దీనికోసం గాజు సీసాలు వృథా చేయనక్కర్లేదు.

రుచి చూడాలనుకుంటే రెండు వారాలకు ఒకటి తీసి, ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంచి తెరవండి. వెచ్చగా ఉన్నదాన్ని, లేదా ఫ్రీజర్‌లో అరగంట పెట్టినదాన్ని తెరిచి తీర్పు చెప్పకండి. గ్యాస్ ఇంకా మెడలోనే ఉంటుంది, "ఫస్స్" మని పోతుంది, బీరు చప్పగానే అనిపిస్తుంది.

తేడా వస్తే

*అన్నీ చప్పగా ఉన్నాయి.* ముందు ప్లాస్టిక్ సీసా సంగతి, గది వేడి చూడండి. 21 డిగ్రీల దగ్గరకు మార్చి, సీసాలను ఒకసారి తలకిందులు చేసి మడ్డి కదిపి, ఇంకో పది రోజులు ఆగండి. అయినా కదలకపోతే ఒకటి తెరిచి రుచి చూడండి. తియ్యగా ఉంటే ఈస్ట్ లేదు. ఒక్కో సీసాలో నాలుగైదు రేణువుల పొడి ఈస్ట్ వేసి కొత్త మూత బిగించండి. తీపి లేకపోతే పంచదారే చాలలేదు. 1 డిగ్రీ లెక్కతో 62 గ్రాములే వేసి ఉంటే సీసాకు ఒక గ్రాము తక్కువైనట్టు. ఆ గ్రామును పాకంగా సిరంజితో వేయండి. పొడి పంచదార పోస్తే బీరు అక్కడికక్కడే పొంగుతుంది.

*అన్నీ పొంగుతున్నాయి.* వెంటనే మొత్తం ఫ్రిజ్‌లోకి. కళ్లద్దాలు, మందపాటి చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకండి. రెండు రోజులు చల్లబడ్డాక ఓపెనర్‌తో మూత అంచును కొంచెం లేపండి, చప్పుడు ఆగాక క్యాపర్‌తో మళ్లీ నొక్కండి. రోజు విడిచి రోజు రెండు మూడుసార్లు చేయాల్సి రావచ్చు. ఒకటి ఇప్పటికే పగిలి ఉంటే, మిగతావాటిని చేత్తో తీయడానికి పోకండి. డబ్బాకు డబ్బా చల్లటి చోటికి చేర్చి, ఆ తర్వాతే ఆలోచించండి.

*మూడు వారాలకు బాగున్నవి రెండు నెలలకు పొంగుతున్నాయి.* పంచదార తప్పు కాదు, అడవి ఈస్టో బాక్టీరియానో చేరింది. మెడ దగ్గర బీరు మట్టం చుట్టూ తెల్లటి గీత ఉందేమో చూడండి. చల్లగా ఉంచి త్వరగా తాగేయాలి, లేదా పారబోయాలి. ట్యూబు, కుళాయి కొత్తవి కొనండి.

*ఒకటి రెండు సీసాలే తేడా.* మూత సరిగా పడలేదు, లేదా సీసా సరిగా కడగలేదు. వదిలేయండి.

*గంధకం వాసన.* లాగర్ ఈస్ట్ సహజ గుణం, ఫ్రిజ్‌లో ఇంకో రెండు వారాలకు చాలావరకు పోతుంది. వెలుతురు తగిలి వచ్చే పచ్చి గబ్బు వేరు, అది పోదు. ఆకుపచ్చ, తెల్ల సీసాలు వాడితే కిటికీ దగ్గరకు రానివ్వకండి.

గ్లాసులో ఒంపేటప్పుడు సీసాను ఒక్క వాటంలో వంచి, మధ్యలో నిలబెట్టకుండా పోసి, అడుగున వేలి మందం వదిలేయండి. నిలబెట్టి మళ్లీ వంచితే మడ్డి అంతా లేస్తుంది, రెండో గ్లాసు వాళ్లకు మబ్బు బీరే దక్కుతుంది. ఫ్రిజ్‌లో ఉంచిన సీసాలను మూడు నెలల్లోపు తాగేయండి, లేత లాగర్ అంతకుమించి బాగుపడదు.